షాకబ్జర్లు మార్చినా ఎడమ ముందు చక్రం దగ్గర టకటక ఆగలేదు, తరువాత ఏం చూడాలి?

ప్రశ్న: కాలవగట్టు, రాజోలు

అందరికీ నమస్కారమండి. నాది 2015 నాటి డీజిల్ హ్యాచ్‌బ్యాక్. ఇప్పటికి 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. మా ఊరి నుంచి 216వ నంబరు జాతీయ రహదారి ఎక్కాలంటే నాలుగు కిలోమీటర్లు కాలవ గట్టు మీదుగా రావాలి. అక్కడి నుంచి అమలాపురం వెళ్లి, సాయంత్రం తిరిగి వస్తాను. బాధంతా ఆ నాలుగు కిలోమీటర్లలోనే ఉంది.

గట్టు మీద 15 నుంచి 25 వేగంలో వెళుతున్నప్పుడు, తారు లేచిపోయిన చోటా కంకర తేలిన చోటా ఎడమ ముందు చక్రం వైపు నుంచి, రేకు డబ్బాలో చింతపిక్కలు పోసి ఊపినట్టు టకటకమని శబ్దం వస్తోంది. హైవే మీద 80లో వెళుతుంటే ఏమీ వినిపించదు. బడి దగ్గరున్న పెద్ద స్పీడ్ బ్రేకరును నిదానంగా, తిన్నగా ఎక్కించి దింపినా దాదాపు ఏమీ రాదు. పెద్ద దిమ్మకు ఊరుకుని చిన్న గతుకుకు అరవడం నాకు వింతగా ఉంది.

రెండు నెలల క్రితం మా మెకానిక్కు చూసి, ముందు షాకబ్జర్లు తడిగా ఉన్నాయి, రెండూ మార్చేద్దామన్నాడు. సామాను, కూలి కలిపి 9,500 రూపాయలయింది. టకటక తగ్గలేదు సరికదా, కొత్తగా ఇంకొకటి తోడయింది. పార్కింగులో స్టీరింగు పూర్తిగా తిప్పితే, బిగించిన తీగను మీటి వదిలినట్టు ‘టంగ్’మని ఒక్కసారి మోగుతోంది, ఆ అదురు స్టీరింగు దాకా తెలుస్తోంది. మళ్లీ తీసుకువెళితే ఎడమ చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా, పక్కలా పట్టుకుని ఊపి, ఎక్కడా ఆట, అంటే వదులు, లేదని తేల్చాడు. ఇప్పుడు లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని కింది నుంచి బండి అడుగుకు కలిపే చేతులు) రెండూ మార్చాలని, అప్పటికీ పోకపోతే స్టీరింగు ర్యాకు (స్టీరింగు తిప్పుడును చక్రాలకు చేర్చే భాగం) మార్చాలని అంటున్నాడు. అంత ఖర్చు పెట్టే ముందు అసలు జబ్బేదో తెలుసుకునే మార్గం ఉంటే చెప్పగలరు. 2022 జులై వరదల్లో బండి ఒక రాత్రంతా సగం చక్రం ఎత్తు నీళ్లలో నిలబడింది. దానికీ దీనికీ సంబంధం ఉండవచ్చా?

జవాబు: పాతచెయ్యి, పాలకొల్లు

కాలవగట్టు గారికి, ర్యాకు జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీకు వింతగా తోచిన విషయమే మీరు రాసినదాంట్లో అన్నిటికంటే విలువైన ఆధారం.

ముందు రెండు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా, వంపు తిరిగిన ఉక్కు కడ్డీ ఒకటి ఉంటుంది. దాన్ని స్టెబిలైజర్ బార్ అంటారు. మలుపులో బండి ఒక పక్కకు మరీ ఒరిగిపోకుండా ఆపడం దాని పని. కడ్డీ నడుమును రెండు రబ్బరు బుష్‌లు బండి అడుగు ఫ్రేముకు పట్టి ఉంచుతాయి, రెండు కొసలనూ చెరొక లింకు రాడ్డు స్ట్రట్‌కు, అంటే షాకబ్జరూ స్ప్రింగూ కలిసి ఉండే నిలువు భాగానికి, కలుపుతుంది. ఆ లింకు రాడ్డుకు ఇరువైపులా గోళీకాయంత కీలు, చుట్టూ గ్రీజు, పైన రబ్బరు తొడుగు ఉంటాయి. స్పీడ్ బ్రేకరును తిన్నగా ఎక్కించినప్పుడు రెండు చక్రాలూ ఒకేసారి లేస్తాయి కాబట్టి, కడ్డీ తన బుష్‌లలో తిరుగుతుందే తప్ప మెలిపడదు, లింకుల మీద పెద్దగా బరువు పడదు. అదే ఒక చక్రం గుంటలో, ఇంకొకటి మెరకలో ఉంటే కడ్డీ మెలిపడుతుంది, లింకులు ఒకసారి లాగబడి, ఒకసారి నెట్టబడతాయి. కీలు అరిగి ఉంటే ఆ లాగుడుకూ నెట్టుడుకూ మధ్య గోళీ తన గూటిలో కొట్టుకుంటుంది. మీ చింతపిక్కల చప్పుడు అదేనని నా అనుమానం. హైవే నున్నగా ఉంటుంది, కొద్దోగొప్పో చప్పుడు వచ్చినా టైర్ల హోరులో కలిసిపోతుంది.

మరి జాకీ మీద లేపితే ఆట ఎందుకు కనబడలేదంటే, ఒక్క పక్కనే లేపారు కాబట్టి. ఒక చక్రం వేలాడుతూ, రెండోది నేల మీద ఉంటే కడ్డీ అప్పటికే మెలిపడి, లింకును ఒక పక్కకు బిగించి పట్టి ఉంచుతుంది. అరిగిన కీలు కూడా ఆ స్థితిలో చేతికి గట్టిగానే తగులుతుంది. బండిని చదునైన చోట నాలుగు చక్రాల మీదే నిలిపి, స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను ఆపి, చక్రం వెనక సందులోంచి చెయ్యి పెట్టి లింకును పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. రెండు చక్రాలూ సమానంగా వేలాడే లిఫ్టు మీదైనా చూడవచ్చు. పాడైన కీలు ‘కటక్’మని మీ వేళ్లకే తెలుస్తుంది.

చేతికి తెలియకపోతే ఇంకో మార్గం ఉంది. రెండు లింకులనూ పూర్తిగా విప్పి తీసేసి, కడ్డీ కొసలు చక్రానికీ, చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్టుకూ తగలడం లేదని చూసుకుని, మీ గట్టు మీద 20 మించకుండా ఒక్క కిలోమీటరు నడిపి చూడండి. శబ్దం పోతే దొంగ దొరికినట్టే. పోకపోతే లింకులు నిర్దోషులు, అప్పుడు లోయర్ ఆర్మ్ బుష్‌లూ, ఆర్మ్ కొసన చక్రం వైపు ఉండే గోళీ కీలు, అదే బాల్ జాయింటూ చూద్దాం. లింకులు లేకుండా బండి మలుపుల్లో బాగా ఒరుగుతుంది కాబట్టి, ఆ పరీక్ష మీద హైవే ఎక్కవద్దు. లింకు నట్టు విప్పేటప్పుడు చాలా బండ్లలో దానితో పాటు లోపలి గోళీ కూడా గిర్రున తిరుగుతుంది. మర కొసలో ఉండే ఆరు పలకల గుంటలో ఎలెన్ కీ పెట్టి ఆపి, పానాతో నట్టు తిప్పాలి. ఈ సంగతి తెలియని కుర్రవాళ్లు అక్కడ గంటసేపు చెమటోడుస్తారు.

మీ ‘టంగ్’ మాత్రం వేరే కథ. అది షాకబ్జర్లు మార్చిన తరువాతే మొదలయిందన్నారు కదా, కాబట్టి ఆ పనిలోనే ఏదో మిగిలిపోయింది. ఆ రెండు శబ్దాలనూ ఒకే జబ్బుగా చూడకండి.

జవాబు: లంకదారి, ముమ్మిడివరం

పాతచెయ్యి గారు చెప్పిన లింకుల మాటతో నాకు పేచీ లేదు కానీ, పానా పట్టే ముందు పైసా ఖర్చు లేని రెండు మూడు పరీక్షలు చేసుకోమంటాను. ఒకసారి మూడు వారాలు నేను సస్పెన్షన్ అనుకుని వెతికిన శబ్దం, చివరికి డిక్కీలో స్టెప్నీ కింద పట్టీ ఊడిన జాకీది అయింది. అప్పటి నుంచి డిక్కీ, సీట్ల కింద, డోరు జేబులు ఖాళీ చేయకుండా ఏ శబ్దాన్నీ నమ్మను. అదే గతుకుల మీద బ్రేకును పాదంతో తేలికగా, చక్రం ఆగనంత మాత్రమే నొక్కి పట్టి నడపండి. అప్పుడు టకటక ఆగిపోతే అది బ్రేకు ప్యాడ్లు తమ గూట్లో వదులై కొట్టుకోవడం, సస్పెన్షన్‌కు సంబంధం లేదు. పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టి, కిటికీ దించి, ఒకసారి వాళ్ల వైపు గోడ ఉన్న సందులో నడిపితే శబ్దం గోడకు తగిలి తిరిగి వస్తుంది, ఏ చక్రమో తేల్చుకోవడం తేలికవుతుంది. లోపల కూర్చున్న చెవికి ముందు ఎడమ అనిపించినది కొన్నిసార్లు ముందు కుడిది అవుతుంది, ఎందుకంటే ఇనుములోంచి చప్పుడు ఎటైనా పాకుతుంది.

స్టీరింగు తిప్పినప్పటి ‘టంగ్’కు నా ఓటు స్ట్రట్ మౌంటుకు. షాకబ్జరు పైకొస బండి బాడీకి తగిలే చోట రబ్బరు మౌంటూ, దాని కింద ఒక బేరింగూ ఉంటాయి, స్టీరింగుతో పాటు స్ప్రింగు కూడా తిరగాలి కాబట్టి. పాత బేరింగు తుప్పు పట్టి బిగుసుకుంటే స్ప్రింగు కొంత మెలిపడి, ఆ మెలి ఒక్కసారిగా విడిపోతుంది. తీగ మీటినట్టు వచ్చే చప్పుడు అదే. షాకబ్జరు మార్చేటప్పుడు మౌంటూ బేరింగూ కూడా మార్చారా అని మీ మెకానిక్కును అడిగి చూడండి. తెలుసుకోవాలంటే బండి నేల మీదే ఉంచి, ఒకరు స్టీరింగు నిదానంగా ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పుతుంటే, ఇంకొకరు స్ప్రింగు చుట్టు మీద బయటివైపు అరచెయ్యి ఆనించి చూడాలి. స్ప్రింగు నున్నగా తిరగకుండా ఆగి ఆగి ఎగిరితే చేతికి కొట్టినట్టు తెలుస్తుంది. చుట్ల మధ్యకు మాత్రం వేళ్లు పోనివ్వకండి.

వరద సంగతి అడిగారు. నీళ్లలో మునిగితే చక్రం బేరింగు పాడయ్యే అవకాశం ఎక్కువ, కానీ దాని శబ్దం వేరు. వేగం పెరిగే కొద్దీ పెరుగుతూ పోయే ‘ఊ’ మనే హోరు అది, గతుకుతో దానికి పని లేదు. అయితే లింకు కీలు మీది రబ్బరు తొడుగు అప్పటికే చిట్లి ఉంటే నీళ్లు, బురద లోపలికి దిగి, గ్రీజు కడుక్కుపోయి, గోళీ తుప్పు పట్టి అరుగుతుంది. ఆ రకంగా సంబంధం ఉండవచ్చు.

కాలవగట్టు, రాజోలు

ఇద్దరికీ ధన్యవాదాలండి. ఆదివారం పొద్దున్న మా అబ్బాయిని తోడు పెట్టుకుని చెప్పినవన్నీ చేశాను. డిక్కీ ఖాళీ చేశాను, బ్రేకు పరీక్ష చేశాను, రెండింటికీ తేడా లేదు. స్టీరింగు కుడికి పూర్తిగా తిప్పి ఎడమ లింకును పట్టుకుని ఊపితే మొదట ఏమీ తెలియలేదు. తరువాత పై కీలు దగ్గర బొటనవేలు ఆనించి ఊపితే, పాతచెయ్యి గారు రాసినట్టే ‘కటక్’మంది. తొడుగు చుట్టూ ఉంగరంలా చిట్లి ఉంది, వేలితో నొక్కితే కాచిన బెల్లం పాకం రంగు నీళ్లు కారాయి. కుడి లింకు ఇంకా గట్టిగానే ఉంది.

అయినా నమ్మకం కోసం రెండు లింకులూ విప్పాను. ఎడమ కింది నట్టు తుప్పుతో పట్టేసి, ఎలెన్ కీ గుంట అరిగిపోయింది. చివరికి పక్క ఊరి వెల్డింగు షాపులో గ్రైండరుతో కోయించాల్సి వచ్చింది. తరువాత గట్టు మీద మెల్లగా రెండు కిలోమీటర్లు నడిపాను. ఒక్క చప్పుడు లేదు. ఎన్ని నెలల తరువాతో కాలవలో బాతుల అరుపులు కారులోకి వినిపించాయి.

ఇక ‘టంగ్’ సంగతి. మౌంటు మార్చలేదని, పాతదే మళ్లీ వేశానని మా మెకానిక్కు ఒప్పుకున్నాడు. కానీ స్ప్రింగు మీద చెయ్యి ఆనించి చూస్తే కుడివైపు నున్నగా తిరుగుతోంది, ఎడమవైపే ఎగురుతోంది. రెండు మౌంట్లూ ఒకే వయసువి కదా, ఒకటే ఎందుకు ఎగురుతోందో అర్థం కాలేదు. ఇంకో ప్రశ్న, కుడి లింకు బాగానే ఉన్నా రెండూ మార్చాలా?

జవాబు: పాతచెయ్యి, పాలకొల్లు

లింకులు రెండూ మార్చేయండి. ఒకే వయసువి, ఒకే రోడ్డు మీద తిరిగినవి. షాకబ్జర్లకైతే జతగా మార్చడం తప్పనిసరి, వీటికి అలా కాదు కానీ, ఇంకో ఆరు నెలలకు మళ్లీ అదే పని పెట్టుకోవడం ఎందుకు? ఎడమదే ముందు పోవడానికి కారణం మీ గట్టేనని నా అభిప్రాయం. ఎదురుగా కొబ్బరి లారీయో చేపల బండో వస్తే మనం ఎడమ చక్రాన్నే మార్జిన్‌లోకి దించుతాం, తారు అంచు నుంచి ఆ జానెడు దిగుడూ మళ్లీ ఎక్కుడూ అంతా ఎడమ పక్కే తింటుంది. మా షాపుకు వచ్చే డెల్టా బండ్లలో నేను చూసినవి ఎక్కువగా ఎడమవైపే ముందు అరుగుతాయి.

మీ రెండో ప్రశ్నకు జవాబు మీ పరిశీలనలోనే ఉంది. రెండు బేరింగులూ పాతవే అయి ఒకవైపే ఎగురుతుంటే, మౌంటు కంటే ముందు స్ప్రింగు కూర్చున్న తీరును అనుమానించాలి. స్ట్రట్ మీద స్ప్రింగును మోసే పళ్లెంలో ఒక మెట్టు ఉంటుంది, స్ప్రింగు కింది కొస సరిగ్గా ఆ మెట్టుకు ఆని కూర్చోవాలి. హడావుడిలో కొస మెట్టు దాటో, దానికి ఎడంగానో కూర్చుంటే, స్టీరింగు తిప్పినప్పుడల్లా జారి ‘టంగ్’మంటుంది. టార్చి వేసి చక్రం వెనక నుంచి చూడండి, రెండు పక్కలా కొస ఎక్కడ ఆగిందో పోల్చుకుంటే తెలిసిపోతుంది. సరిచేసే పని మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. స్ప్రింగును కంప్రెసరుతో అదిమి పట్టకుండా పై నట్టు విప్పితే అది మనిషిని చంపగలదు. ఎలాగూ స్ట్రట్ దింపుతారు కాబట్టి, అప్పుడే కొత్త మౌంటు, బేరింగు కూడా వేయించండి, కూలి రెండుసార్లు ఇవ్వనక్కరలేదు.

షాకబ్జర్లు తడిగా ఉన్నాయని మార్చారన్న దాని గురించి ఒక మాట. పైన దుమ్ము పట్టేంత చెమ్మ సీలు దగ్గర ఉండటం మామూలే. నూనె గొట్టం పొడుగునా జారి కారుతుంటే, లేదా బానెట్టు మూలను గట్టిగా అదిమి వదిలితే బండి ఒక ఊపుకు సర్దుకోకుండా రెండు మూడు సార్లు ఎగురుతుంటే అప్పుడు షాకబ్జరు పోయినట్టు. మీ 9,500 తిరిగి రావు కానీ, 1,12,000 తిరిగిన బండి కాబట్టి అవి ఎలాగూ దగ్గరపడే ఉంటాయి.

జవాబు: ఉప్పుగాలి, అంతర్వేది వైపు

నట్టు తుప్పు పట్టి పట్టేసిందన్నారు కాబట్టి రాస్తున్నాను. మా వైపు సముద్రపు గాలి, రొయ్యల చెరువుల నీళ్లు మోసే బండ్ల నుంచి రోడ్డంతా కారే ఉప్పునీరు, ఈ రెండింటి మధ్య బండి అడుగున ఉన్న ఏ బోల్టూ నాలుగేళ్ల తరువాత తేలికగా రాదు. లోయర్ ఆర్మ్ బోల్టు అయితే బుష్ లోపలి ఇనుప గొట్టానికే అతుక్కుపోతుంది, ఒక్కోసారి కోయడం తప్ప గతి ఉండదు. విప్పే ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. తిరిగి వేసేటప్పుడు బోల్టు ఒంటికి, మర వదిలేసి, గ్రీజు సన్నగా రాయండి.

ఇంకొక సంగతి. సర్వీసింగులో నీళ్లతో కడిగాక, తుప్పు పట్టదని బండి అడుగున డీజిలో, వాడేసిన ఇంజను ఆయిలో కొట్టించే అలవాటు మన వైపు చాలామందికి ఉంది. ఇనుముకు అది మంచిదేమో కానీ, రబ్బరు బుష్‌లు ఆ నూనె పీల్చుకుని ఉబ్బి మెత్తబడి చిరుగుతాయి. మీరూ కొట్టిస్తుంటే మానేయండి. ఎప్పుడైనా కిర్రుకిర్రుమనే శబ్దం వస్తే గ్రీజు పూయకుండా ముందు ఒక సీసాతో మామూలు నీళ్లు ఒక్కో బుష్ మీద వేరువేరుగా పోసి, బండిని అదిమి చూడండి. ఏ బుష్ తడిసినప్పుడు కిర్రు ఆగుతుందో అదే అరుస్తున్నట్టు.

కాలవగట్టు, రాజోలు

నిన్నటితో పని అయిపోయిందండి. స్ప్రింగు సంగతి పాతచెయ్యి గారు ఊహించినట్టే ఉంది, ఎడమ స్ప్రింగు కొస మెట్టుకు రెండు వేళ్ల ఎడంగా ఆగి ఉంది. టార్చి వేసి మా మెకానిక్కుకే చూపించాను. అతను ఏమీ మాట్లాడకుండా తల గోక్కుని, స్ట్రట్ దింపిన కూలి తీసుకోనన్నాడు. మౌంట్లు, బేరింగులు, రెండు లింకులు, కడ్డీ నడుము బుష్‌లు అన్నీ కలిపి సామానుకు 5,200 అయింది.

ఎడమ లోయర్ ఆర్మ్‌ను అదే సమయంలో గునపంతో ఎత్తి చూస్తే వెనక బుష్ రబ్బరు సగం దాకా చీలి కనిపించింది. ఇంకా శబ్దం రావడం లేదు కాబట్టి వచ్చే నెల జీతం దాకా ఆగుదామనుకుంటున్నాను. నడిపితే ప్రమాదమా?

జవాబు: పాతచెయ్యి, పాలకొల్లు

బాల్ జాయింటు గట్టిగా ఉంటే, బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగకుంటే నెల రోజులు జాగ్రత్తగా నడపవచ్చు. హైవే మీద 80 మాత్రం దాటించకండి. బ్రేకుకు ఎడమకు ఈడ్చినట్టు అనిపించిన రోజున జీతం కోసం చూడకుండా మార్చేయండి.

మార్చేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఇది చాలామంది చేయరు. చక్రం గాలిలో వేలాడుతుండగా లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులు చివరి బిగింపు బిగించకూడదు. అలా బిగిస్తే రబ్బరు ఆ వేలాడే కోణంలోనే పట్టుకుపోతుంది, బండి నేల మీదకు దిగాక ఎప్పుడూ మెలిపడే ఉండి, కొత్త బుష్ కూడా ఏడాది తిరగకుండా చీలుతుంది. బోల్టులు వదులుగా వేసి, బాల్ జాయింటుకు దగ్గరగా ఆర్మ్ కింద ఇంకో జాకీ పెట్టి, బండి బరువు దాని మీదకు వచ్చేదాకా లేపి, అప్పుడు బిగించమనండి. మీ ఇంటి ముందు చేయిస్తే మన మెత్తటి మట్టిలో జాకీ దిగబడిపోతుంది, కాబట్టి కింద ఇటుకలు కాకుండా మందపాటి తాటి దూలం ముక్క వేయండి. బండిని జాకీ మీద వదలకుండా స్టాండు పెట్టేదాకా ఎవరినీ కిందకు దూరనివ్వకండి. అన్నీ అయ్యాక వీల్ అలైన్‌మెంట్ చేయించండి.

కాలవగట్టు, రాజోలు

అలాగేనండి. తాటి దూలం మా పశువుల పాకలోనే ఉంది. ఆర్మ్ మార్చిన రోజున ఇక్కడే రాస్తాను.